ఎత్తిన గేట్లు, ఎండిన పొట్ట పైరు

కుడికాలువ చివరి భూముల్లో ఆ ఏడు వరి ఎందుకు ఎండిందో చెబుతానంటే, నేను పదవీ విరమణ చేసిన నాటి నుంచి ఒక్క అధికారీ వినలేదు. రాస్తే జవాబు లేదు, వెళితే కూర్చోమన్నవారు లేరు. అందుకే పాఠకులకు చెబుతున్నాను.

ఉద్యోగంలో నా చివరి ఏడాది, నాట్లకు ముందు, మాచర్ల అవతల కుడికాలువ హెడ్ రెగ్యులేటరుకు నన్ను డిప్యూటీ ఇంజినీరుగా, అంటే డీఈగా, వేశారు. జలాశయం నుంచి కాలువలోకి నీళ్లు వదిలే గేట్ల వరుస అది. ఆ గేట్ల గడప జలాశయం అడుగున కాదు, బాగా ఎత్తున ఉంటుంది. నీటిమట్టం గడపకు దగ్గరయ్యే కొద్దీ కాలువ పారుదల సన్నగిల్లుతుంది. కరెంటు తీసే యంత్రాలకు ఆ బాధ లేదు. వాటికి నీళ్లు ఇంకా కిందినుంచి అందుతాయి. ఆ నీళ్లు నదిలోకి పోతాయి, కాలువకు రావు.

ఆ ఏడు వరద అంతంతమాత్రం. వరి పొట్ట మీదికొచ్చింది. అప్పుడు ఒక్క తడి తప్పినా గింజ పట్టదు. సరిగ్గా అప్పుడే కరెంటు కోసం నదిలోకి వదిలే నీళ్లు పెంచారు. సమీక్షలో నేను లేచాను. కరెంటు ఆపమనలేదు, బోరు మోటార్లకూ అదే కావాలి. కాలువ చివరనున్న ఎడ్లపాడు దాకా ఆ తడి అందేవరకు తగ్గించమన్నాను. మా పై అధికారి, "నువ్వు డీఈవా, రైతు సంఘం నాయకుడివా? డ్యామ్‌లో ఇన్ని నీళ్లు పెట్టుకుని ఈ ఏడుపేందయ్యా?" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

మట్టం దిగింది. గేట్లు పూర్తిగా ఎత్తినా కాలువ సగం కూడా పారలేదు. నీళ్లు నిండుగా ఉంటే గేట్లు కొద్దిగా ఎత్తితే చాలు. పూర్తిగా ఎత్తాల్సి వచ్చిందంటేనే కొరత. మావాళ్లు ఆ ఎత్తిన గేట్లనే ఫొటో తీయించి, చివరి ఎకరం దాకా నీళ్లిస్తున్నామని పత్రికలకు పంపారు.

ఎడ్లపాడు రైతు వీరయ్య ఆ ఫొటో నమ్మాడు. వదిలిన నీళ్లు కాలువ ఎగువ రైతులే తినేశారనుకుని, నకరికల్లులో సొంత వియ్యంకుడి తూము దగ్గరే కలబడి, ఆ కోపంతోనే నా దగ్గరికి వచ్చాడు. గేట్ల దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. గడపకు కాస్త పైనే ఉన్న నీళ్లను వంగి చూశాడు.

"ఏంది సారూ ఇది? తలుపులు బార్లా తీసి, రండి అని పిలిచి, పొయ్యే ముట్టించలేదంటే ఎట్టా? చానా మాటలన్నాను, మా బావని దొంగన్నాను! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోను?"

అతని చేలో తాలు మిగిలింది. నివేదికలో మాత్రం, రైతులు ఆలస్యంగా నాట్లు వేయడమే నష్టానికి కారణమని రాశారు. కాలువకు నీళ్లు వదిలిందే ఆలస్యంగా అన్న సంగతి రాయలేదు.

నేను నేర్చుకున్నది ఇది. కాలువకు నీళ్లిచ్చామో లేదో చివరి తూము పారుదల చూసి తేల్చాలి, గేటు ఎత్తు చూసి కాదు. పైరు పొట్ట మీదున్నప్పుడు ఏ మట్టం దగ్గర కరెంటు నీళ్లు తగ్గించాలో నాట్లకు ముందే నిర్ణయించాలి.

ఇప్పుడు అడుగుతున్నాను. మట్టం అంత కిందికి లాగమన్నది ఎవరు? తప్పు రైతు మీదికి నెట్టింది ఎవరు? పేరు చెప్పి, సంతకం పెట్టి జవాబివ్వండి.