కొండ దాటిన ఈల

గ్రీసు దేశంలోని మా ఎవియా కొండల్లో మేకల కాపరులు లోయకు అటూ ఇటూ నిలబడి ఈలతోనే మాట్లాడుకుంటారు. పళ్ళన్నీ ఊడిపోయి ఈల పలకక, ముసలి కాపరి స్టమూలిస్ నాలుగేళ్ళు ఆ ఈలభాషలో మూగవాడయ్యాడు. అవతలి కొండ మీది అక్క దెస్పోను చూద్దామన్నా మోకాళ్ళు లోయ దిగనివ్వవు.

కట్టుడు పళ్ళు అమర్చిన డాక్టరు, "నమలడానికి హాయిగా ఉందా, తాతా?" అని అడిగాడు.

"రొట్టె నానబెట్టుకునైనా తింటానయ్యా. ఈల పలుకుతుందా, అది చెప్పు!"

ఇంటికొచ్చి, కొండెక్కి అక్కను ఈలతో పిలిచాడు. పై పళ్ళు జారి ఈల వంకరపోయింది.

"ఎవడివిరా నువ్వు? మా తమ్ముడి ఈల ఇలా ఉండదు!" అని అవతలి కొండ నుంచి దెస్పో ఈల వచ్చింది.

అతను బొటనవేలితో పళ్ళను అదిమిపట్టి, చిన్నప్పుడు ఆమెను ఏడిపించిన పేరుతో పిలిచాడు. "మేకతోకా!"

వెంటనే దెస్పో ఈల లోయ దాటి వచ్చింది.

"నాలుగేళ్ళూ ఎక్కడ చచ్చావురా, వెధవా?"

స్టమూలిస్ మళ్ళీ పళ్ళను అదిమిపట్టి ఊదాడు, ఉత్త గాలే వచ్చింది. ఏడుస్తూ ఈల వేయడం ఏ పళ్ళతోనూ కాదు.