మెట్ల మీద దొరికిన ప్రమాదం

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకింకా తల నెరవలేదు గానీ, కెనడాలోని కాల్గరీలో మేమంతా స్టూడెంట్లుగా దిగిన కాలం తలుచుకుంటే వేరే మాట రావడం లేదు. ఏ ట్రెయిన్ ఎక్కినా వీపున బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బాతో మనవాళ్ళే. బేస్‌మెంట్‌లో ఆరుగురం ఆడపిల్లలం, ఒక్కటే కుక్కరు, అందరి నోటా ఒకటే మంత్రం: కో-ఆప్. చదువులో భాగంగా కొన్ని నెలలు ఏదైనా కంపెనీలో పనిచేస్తే, వాళ్ళకు నచ్చితే అక్కడే ఉద్యోగం, ఆ ఉద్యోగం మీద పీఆర్, అంటే ఆ దేశంలోనే స్థిరపడే అనుమతి. నచ్చకపోతే మళ్ళీ మొదటికి. నాకు ఒక గ్యాస్ కంపెనీ ఆఫీసులో దొరికింది. (ఆ రోజు మావాళ్ళు పాయసం వండారు. అడుగంటింది, అయినా తిన్నాం.)

మా టీం లీడ్ తెలుగాయనే. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు చేసి వచ్చారు. ఏ మాటైనా "మస్కట్‌లో నేనున్నప్పుడు" అనే మొదలయ్యేది కనుక చాటున మస్కట్ గారు అనుకునేవాళ్ళం. ఆయన నాయకత్వం చాలా తేలిక: ఆయన చెబుతారు, మేం తలాడిస్తాం. కంపెనీ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. గ్యాస్‌తో వ్యవహారం కదా, అక్కడ జాగ్రత్తే దేవుడు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాలి, కాఫీ కప్పుకు మూత ఉండాలి, ఎవరు తప్పినా ఎవరైనా ఆపవచ్చు. పైగా తాము ఆ వారం ఏ ప్రమాదాన్ని ఆపారో శుక్రవారం మీటింగులో ఒక్కొక్కరూ చెప్పాలి. తడి నేల, వేలాడే వైరు వంటి మంచి మంచి ప్రమాదాలన్నీ సీనియర్లు ముందే ఎత్తుకుపోయేవారు. నా వంతు వచ్చేసరికి నేను నేల చూపులు చూసేదాన్ని.

"నాకేమీ కనబడటం లేదండీ" అని ఒకసారి మస్కట్ గారితో మొరపెట్టుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, "చూడమ్మాయ్, కింద వెతుక్కో, పక్కన వెతుక్కో. పైవాళ్ళ తప్పు మాత్రం కంటపడకూడదు. పడిందనుకో, కళ్ళజోడు తీసి తుడుచుకోవాలి. మస్కట్‌లో నేనున్నప్పుడు అలా ఎన్ని కళ్ళజోళ్ళు అరగదీశానో!" అన్నారు.

నా కో-ఆప్‌లో చివరి శుక్రవారం వచ్చింది. నాకు ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చేది ఆ రోజే. చేతిలో ఒక్క ప్రమాదమూ లేదు. ఉసూరుమంటూ మెట్లెక్కుతుంటే, ఎర్ర బూట్లు వేసుకున్న బట్టతల పెద్దమనిషి ఒకాయన పైనుంచి దిగుతున్నారు. ఒక చేతిలో మూత లేని కాఫీ, ఇంకో చేతిలో ఫోను, రెయిలింగ్ ఊసే లేదు. లంకెబిందెలు దొరికినట్టయింది నాకు. "స్టాప్!" అని కేకపెట్టాను. (మా ఊళ్ళో కదిలిపోతున్న బస్సులను ఆపిన గొంతు అది.) ఆయన ఉలిక్కిపడ్డారు, కాఫీ చొక్కా మీద ఒలికింది. తప్పులన్నీ వేళ్ళు మడిచి మరీ ఏకరువు పెట్టి, "మీ మేనేజర్‌కి తెలిస్తే ఏమంటారు?" అని కూడా అడిగాను. "మా ఆవిడకు తెలిస్తే ఇంకా ఎక్కువ అంటుంది" అని నవ్వి, థాంక్స్ చెప్పి, నాది ఏ టీమో అడిగి, ఆయన ఫోను జేబులో వేసుకుని, రెయిలింగ్ పట్టుకుని బుద్ధిగా దిగిపోయారు.

మీటింగులో నా ఘనకార్యం చెప్పగానే, అంతా తన శిక్షణే అన్నట్టు మస్కట్ గారు చుట్టూ చూశారు. తర్వాత నా వైపు వంగి, "ఇంతకీ ఎవరమ్మాయ్?" అన్నారు.

"తెలీదండీ. బట్టతల, ఎర్ర బూట్లు."

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కొంప ముంచావు కదే! ఆయన మన కంపెనీ ప్రెసిడెంటు!" (కింద లాబీలో ఉన్న ఫోటోలో ఆయన కౌబాయ్ టోపీలో ఉంటారు. దాని కింద బట్టతల ఉంటుందని నాకెలా తెలుస్తుంది?)

అంతలో తలుపు తెరుచుకుంది. మరకల చొక్కాతో ఆయనే. మస్కట్ గారు దిగ్గున లేచి, "సార్, కొత్త పిల్ల, స్టూడెంట్, తెలియక..." అంటూ తడబడ్డారు. నా ఉద్యోగానికి అప్పుడే నీళ్ళు వదిలేసుకున్నాను. ప్రెసిడెంటు కుర్చీ లాక్కుని కూర్చుని, "ఈ వారం ప్రమాదం నేనే" అన్నారు. అందరూ నవ్వాక నెమ్మదిగా చెప్పారు. "కుర్రతనంలో గ్యాస్ బావి తవ్వే రిగ్గు మీద పనిచేశాను. మా ఫోర్‌మన్‌ని ఆపాలంటే అందరికీ భయం. ఆ భయానికి నా స్నేహితుడి చెయ్యి పోయింది." ఆయన నా వైపు తిరిగి, "ఇలా ఆపడం నీకెవరు నేర్పారు?" అని అడిగారు.

మస్కట్ గారు కళ్ళజోడు తుడుస్తున్నారు. చూస్తే జాలేసింది. "మా లీడేనండీ" అన్నాను. (పూర్తిగా అబద్ధమూ కాదు. ఎటు చూడకూడదో చెప్పింది ఆయనే కదా.)

నాకు ఉద్యోగం ఇచ్చారు. సోమవారం మస్కట్ గారు ఎన్నడూ లేనిది, "నాలో ఏమైనా లోపాలుంటే చెప్పండి" అన్నారు. అందరూ బల్లకేసి చూశారు. చివరికి నేనే ధైర్యం చేసి, "మస్కట్ కాస్త తగ్గించండి సార్" అన్నాను. నిజంగానే తగ్గించారు, ఒక వారం పాటు.

ఇప్పుడు నేనూ లీడునే. మొన్న కొత్తగా చేరిన కో-ఆప్ పిల్లకు ఈ కథే చెబుతూ మెట్లు దిగుతున్నాను. కాఫీ ఎలా ఒలికిందో చేతిలోని కప్పు ఊపి మరీ చూపిస్తుంటే, ఆ పిల్ల "ఆంటీ, రెయిలింగ్!" అని ఒక్క కేక పెట్టింది. బస్సులాపే గొంతే. ఒక్క క్షణం ఒళ్ళు మండింది (ఆపినందుకు కాదు, ఆంటీ అన్నందుకు). "మేం స్టూడెంట్లుగా ఉన్నప్పుడు..." అనబోయి నాలుక కరుచుకున్నాను. నా మస్కట్ అదేనని అప్పుడు తెలిసింది. రెయిలింగ్ పట్టుకుని, బిక్కుబిక్కుమంటున్న ఆ పిల్లను, "ఇంకేమైనా తప్పులున్నాయా?" అని అడిగాను.

"కాఫీకి మూత కూడా లేదు ఆంటీ" అంది.