పేరు కొట్టిన గుండిగ

మొన్న జనగామ బజారులో గిన్నెల దుకాణం ముందు నుంచి పోతుంటే ఆ చప్పుడు వినబడింది. స్టీలు మీద పేరు కొట్టే మిషన్ సన్నని రొద. కాలేజీకి ఆలస్యమవుతుందని కూడా మరిచి నిలబడిపోయాను. కళ్ల ముందు మా ఊరు పెద్దవంగర ఎండ, తళతళలాడే గిన్నెల వరుసలు, వాటి మధ్య పీట మీద సుగుణక్క.

డిగ్రీ అయ్యాక ఆమె దుకాణంలో పేర్లు కొట్టే పని నాది. భర్త పోయాక ఆమెకున్న ఆధారం ఆ దుకాణమే. మా దిక్కు పేరు కొట్టించకుండా గిన్నె ఇంటికి తీసుకుపోరు. పెండ్లిలో పదిళ్ల గిన్నెలతో కలిసిపోయినా మళ్లీ సొంతింటికి చేరాలి కదా! నా చేతిరాతంటే మాత్రం అక్కకు వెటకారం.

"ఏందే గిది, కోడి గీకినట్టు! కొన్నామె సుత గుర్తువట్టది" అనేది.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం మా ఊరి పక్క కాలువ తవ్వించింది. ఎక్కడెక్కడి నుంచో కూలీలు దిగారు. ఒక్కరికి సరిపడా వండుకునే చిన్న బగోనెలు తెచ్చినవి తెచ్చినట్టే అయిపోయాయి. "సర్కారు పైసలు కుమ్మరిస్తున్నది, ఇగ మన ఊరు పట్నమే" అని అక్క మురిసిపోయి, వరంగల్ నుంచి బండినిండా అవే తెప్పించింది. కొన్నాళ్లకే తవ్వకం అయిపోయి కూలీలు గుడారాలు ఎత్తేసి వెళ్లిపోయారు. బగోనెలు మాత్రం మాకు మిగిలాయి.

"వాళ్లల్ల ఒక్కలన్న పేరు కొట్టించుకున్నరా? అప్పుడే సమజ్ కావాల్సుండె" అంది అక్క, తన మీద తనే నవ్వుకుంటూ.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. గిరాకీ లేక దుకాణం అమ్మేస్తానని ఒకాయనకు మాటిచ్చింది. నాకు ఏడుపొచ్చింది. సాయంత్రాలు ఇద్దరం ఆ ఎండు కాలువ గట్టు మీద కూర్చునేవాళ్లం. గాలి వీస్తుంటే నీళ్ల చప్పుడేమోనని చెవులు రిక్కించేవాళ్లం.

"పైసలైతే వచ్చినయి, పోయినయి. నీళ్లొస్తయంటవా?"

"వస్తయక్కా."

నిజంగానే వచ్చాయి. అయినా బజారు వెంటనే మారలేదు. ఆ యాసంగిలో ఒకామె వచ్చి పెద్ద గుండిగ అడిగింది, నాట్లకు వచ్చేవాళ్లకు వండాలట. నేను మిషన్ చేతిలోకి తీసుకోగానే ఆమె నాతో అంది:

"పేరు పెద్దగ కొట్టు బిడ్డా. ఊరి పేరు సుత కొట్టు. నీళ్లొచ్చినయి, ఇగ మేం కూలికి బొంబాయి పోతలేం."

ఆమె వెళ్లిపోయాక సుగుణక్క ఫోన్ తీసి, కొంటానన్నాయనకు, "ఏమనుకోకు అన్నా, దుకాణం ఇయ్యను" అని చెప్పింది.

ఇప్పుడు నేను కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ప్రభుత్వ వ్యయం, ఆర్థిక వృద్ధి పాఠం వచ్చినప్పుడు పిల్లలను ముందు ఒకటే అడుగుతాను: ఖర్చు అయిపోయాక ఆ ఊళ్లో ఎవరు ఉండిపోయారు?

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు అక్క మిగిలిపోయిన బగోనె ఒకటి తీసి, తనే పేరు కొట్టి ఇచ్చింది. అక్షరాలు నా వాటికంటే అధ్వానం. "ఏడికన్న పో, ఇల్లు మరువకు" అంది. అక్క పోయి కొన్నేళ్లయింది. రోజూ పొద్దున ఆ బగోనెలోనే పాలు కాస్తాను. అవి పొంగేదాకా ఆ వంకర అక్షరాలే చూస్తుంటాను. నా పేరు, దాని కింద పెద్దవంగర.