గుంజి చూసిన తాళం

గద్వాలలో మా సీనియర్ సాయంత్రం ఆఫీసు షట్టర్ దించి, తాళం గుంజి చూసేవాడు. మలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ గుంజేవాడు. నాకు ఒళ్లు మండేది. లోపల అందరం వాడే లినక్స్ సర్వర్‌లో, కస్టమర్ల మెషీన్లు తెరిచే అతని డిజిటల్ కీలు పట్టుకుని ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్లనే ప్రోగ్రాములు అతను లాగౌట్ అయ్యాక కూడా నడుస్తూనే ఉండేవి.

“అన్నా, నువ్వు పోయినా నీ ఏజెంట్లు పోతలేవు!”

“లాగౌట్ కొట్టిన గద! ఇంకేంది పరేషాన్?”

లాగౌట్ కాగానే వాటిని ఆపే లైను సర్వర్‌లో అతని సెట్టింగుల ఫైల్లో రాశాను. మర్నాడే తీసేశాడు. “నా ఫైల్ల చెయ్యి పెట్టకు!”

అతను ఉద్యోగం మానేసిన రోజు తాళంచెవి నా చేతిలో పెట్టి, “రోజూ జర గుంజి చూడు తమ్మీ” అన్నాడు. లోపలికెళ్లి సర్వర్ చూస్తే అతని ఏజెంట్లు ఇంకా నడుస్తున్నాయి. పళ్లు కొరుకుతూ అన్నీ ఆపేసి, షట్టర్ దించి, తాళం గుంజాను. మలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ గుంజాను. ఈసారి నా మీద నాకే ఒళ్లు మండింది.