బాలమణి పాటలో బయటపడ్డ పేరు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే చెప్పులేసుకుని వెళ్లిపోయే రకం నేను. నాచారంలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతాను. జానపదాలు, బోనాల పాటలు చేస్తాను. అయినా ఈ ఒక్క సంగతి చెప్పక తప్పడం లేదు.

మా లైనులో పాటల దొంగలు ఈగల్లా ముసురుతారు. అందుకే బయటికి పంపే ప్రతి పాటలోనూ ఒక గుర్తు దాస్తాను. శబ్దంలోనే అక్కడక్కడా చెవికి అందనంత చిన్న మార్పులు చేసి, సాఫ్ట్‌వేర్ మా స్టూడియో పేరును అందులో కలిపేస్తుంది. వినేవాళ్లకు తేడా తెలియదు. పాటను కోసినా, ఇంకో రకం ఫైలుగా మార్చినా చాలావరకు నిలుస్తుంది. మళ్లీ అదే సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తే పేరు బయటపడుతుంది.

బాలమణక్క జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసేది. అబ్బ, ఏం గొంతు! నా దగ్గర ఒకే ఒక్క పోచమ్మ పాట పాడింది. బోనాల పాటను ముందు అమ్మవారి దగ్గర పెట్టాకే మిగతా పని చేయడం మా పద్ధతి. అందుకే గుర్తు వేయకముందే పెన్‌డ్రైవ్ గుడికి వెళ్లింది. గుడిలో మైక్‌సెట్ పెట్టినవాడు దాన్ని కాపీ కొట్టి ఉప్పల్‌లో ఆన్‌లైన్ చానల్ నడిపే ఒకడికి ఇచ్చాడని తర్వాత తెలిసింది.

ఆ వారమే బాలమణక్క జ్వరంతో పోయింది.

దినాలు కూడా కాకముందే పాట ఆన్‌లైన్‌లోకి వచ్చింది. పాడినామెగా వేరే ఎవరి పేరో రాశారు. పైగా కంప్యూటర్‌తో తయారుచేసిన తెల్లటి పిల్ల బొమ్మ. చూడగానే ఫోన్ పక్కన పడేశాను.

బాలమణక్క కూతురు స్వప్న నా దగ్గరికి వచ్చింది. "పైసలేం వద్దన్నా. మా అమ్మ పేరు పెట్టమను, గంతే" అంది.

ఉప్పల్ వెళ్లి ఆ చానల్ వాణ్ణి నిలదీశాను. వాడు మిర్చి బజ్జీ నములుతూ, "సచ్చిపోయినామెకు పేరెందుకన్నా? నీ పాటనే అయితే గుర్తు సూపెట్టు" అన్నాడు. నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుని నవ్వాడు. ఛీ, అదీ ఒక నవ్వేనా!

గుర్తు లేదని నాకు తెలుసు. ఉట్టిగా బెదిరిద్దామని వాడి ఎదుటే లాప్‌టాప్ తెరిచి, చానల్‌లోని పాటను దింపి చదివించాను. పేరు వచ్చింది. మా స్టూడియోది కాదు. బాలమణి అని వచ్చింది.

"ఏంది గిది? నువ్వే పెట్టినవ్!" అన్నాడు. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

నేను పెట్టలేదు. పాడినవాళ్ల పేరు నేనెప్పుడూ పెట్టను. స్టూడియోకు వచ్చి నా దగ్గరున్న అసలు ఫైలు చదివించాను, ఏమీ లేదు. పెన్‌డ్రైవ్‌లోని పాటలోనూ లేదు. స్నేహితుడి కంప్యూటర్‌లో చానల్ పాటను మళ్లీ దింపి చూస్తే మళ్లీ బాలమణి. సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాశాను. పొరపాటున పిచ్చి అక్షరాలు రావచ్చుగానీ మనిషి పేరు రాదన్నారు.

ఆ సాయంత్రమే వాడు బొమ్మ పీకేసి బాలమణి పేరు పెట్టాడు. భయంతోనే, సిగ్గుతో కాదు.

స్వప్న ఫోన్‌లో ఆ పేరు చూసుకుని చాలాసేపు ఏడ్చింది. పాటలో దొరికిన పేరు సంగతి చెబితే, "మరి లోపల ఎవరు రాసిన్రన్నా?" అని అడిగింది. తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. దయ్యం అనడానికి నోరు రాదు, కాదనడానికీ రాదు.

నాకు రోత పుట్టేది దాని మీద కాదు. ఇంతమందిమి బతికి ఉండి, ఆమె పాటకు ఆమె పేరు పెట్టే పని పోయినామెకే మిగిల్చాం. థూ.