జావా నుంచి లొంబోక్ దాకా నేను వేసిన లెక్క

సురబాయ ఇండోనేషియాలో ఉంది. లొంబోక్ కూడా ఇండోనేషియాలోనే ఉంది. కాబట్టి సురబాయకి టికెట్టు కొంటే లొంబోక్ మనిషిని ఇంటికి పంపినట్టే. మా యజమాని కొడుక్కి తెలిసిన భూగోళం ఇంతే. సురబాయ ఉన్నది జావా దీవిలో. లొంబోక్ వేరే దీవి. మధ్యలో బాలి అని మూడో దీవి, దానికి అటూ ఇటూ రెండు సముద్రపు పాయలు. ఈ సంగతి చెప్పడానికి నేను నోరు తెరిచేలోపు అతను కారు అద్దం పైకెత్తుకుంటూ "కుల్లు ఇండోనేషియా" అన్నాడు. అంతా ఇండోనేషియానే అని.

ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అంతకు ముందు వంట చేసినావిడ సురబాయ మనిషి. ట్రావెల్స్ వాళ్ళ దగ్గర ఆమె పాత కాగితం ఉంది. దాని మీద పేరు మార్చి, లొంబోక్ నుంచి వచ్చిన ఇప్పటి వంటావిడకి అదే టికెట్టు తీశారు. నాకూ మొదటి సెలవుకి ఢిల్లీ టికెట్టు కొన్నారు. కడప జిల్లా మనిషినయ్యా అంటే, ఢిల్లీ ఇండియాలో లేదా అన్నారు. నలభై రోజుల సెలవులో నాలుగు రోజులు రైళ్ళలోనే పోయాయి.

పొలం కువైట్‌లోని వఫ్రాలో. బస్సు దిగాక ఇంకో అరగంట పికప్‌లో పోవాలి. పద్దెనిమిది గ్రీన్‌హౌస్‌లు, వాటికి నీళ్ళు వదిలే వాల్వులు నా చేతిలో ఉంటాయి. దేనికి ఎన్ని నిమిషాలు, ఎండ ఎంత పెరిగితే ఎన్ని నిమిషాలు పెంచాలి, ట్యాంకు నిండడానికి ఎంతసేపు, అన్నీ పుస్తకంలో రాసుకుంటాను. చదివింది ఏడో తరగతి. కూడికలు బడిలో నేర్చుకున్నాను, మిగతావి నీళ్ళ దగ్గర నేర్చుకున్నాను. మా ఊళ్ళో ఒకే బోరును పదకొండు కుటుంబాలు వంతులేసి వాడుకున్న కాలంలో ఆ వంతులు కట్టింది నేనే. కరెంటు మూడు ముక్కలుగా వచ్చినా ఎవరి వంతూ తప్పలేదు.

ఆ పేరు ఇక్కడికీ వచ్చింది. ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇంకా ఎన్ని రోజులుంది, సెలవు ఏ తారీకుకి నిండుతుంది, విమానం మారడానికి సమయం సరిపోతుందా అని పక్క పొలాల వాళ్ళు కూడా వచ్చి అడిగేవాళ్ళు. నేను లెక్క చెప్తే మళ్ళీ ఎవరూ సరిచూసుకునేవాళ్ళు కాదు. నాకది గర్వంగా ఉండేది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ గర్వం గురించే.

వంటావిడకి నలభై దాటాయి. కూతురికి తొమ్మిదేళ్ళప్పుడు దాన్ని తన తల్లి దగ్గర వదిలి కువైట్ వచ్చింది. పదకొండేళ్ళయింది. ఇప్పుడా పిల్లకి ఇరవై. మలేషియాలో ఎవరింట్లోనో పనికి ఒప్పుకుని ఏజెంటు కాగితాల మీద సంతకం పెట్టింది. శుక్రవారం పొద్దున ఆరు గంటలకి వ్యాను వచ్చి ఊళ్ళోంచి అయిదుగురు ఆడపిల్లల్ని ఎక్కించుకుపోతుంది. ఆలోపు ఈమె ఇంటికి చేరాలి. మూడు రోజుల ముందు పంపమని అడిగితే, ఇంట్లో చుట్టాలున్నారు, బుధవారం దాకా కుదరదన్నారు.

మేమిద్దరం వచ్చీరాని అరబ్బీలో మాట్లాడుకుంటాం. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. నేనామెను ఉఖ్తీ అంటాను, చెల్లెలా అని. ఆమె నన్ను భాయ్ అంటుంది.

"ఫోన్లో చెప్పరాదా, పోవద్దని?" అన్నాను.

"చెప్పాను. నువ్వు పోలేదా అంటుంది. దానికి నా దగ్గర మాట లేదు, భాయ్. ఎదురుగా నిలబడితే చేతులు చూపిస్తాను." రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా నూనె చిట్లి కాలిన మచ్చలు. పదకొండేళ్ళుగా వీడియోలో ముఖం మాత్రమే కనిపించేలా ఫోన్ పట్టుకున్నానని చెప్పింది. సెలవుకి పోయినప్పుడు కూడా పొడుగు చేతుల రవికెలే వేసుకుందట.

ఆ మధ్యాహ్నం వంటగదిలో నేను పుస్తకం తెరిచాను. మా పికప్ డ్రైవరు, రాయచోటి కుర్రవాడు, ఫోన్ పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

"ఏంది అన్నా, నీళ్ళు వదిలేది ఇడిసిపెట్టి ఓడలు నడుపుతాండావా?" అన్నాడు.

"నోర్మూసుకోని, సురబాయ నుంచి తూర్పు కొసకి బస్సు ఎన్ని గంటలో చూడు."

"చూస్తాలే. సముద్రం బ్బా అది. పెన్న దాటినట్టు గాదు."

"పెన్నలో నీళ్ళుంటే గదరా దాటేది."

దారులు మూడున్నాయి. విమానమైతే సురబాయ నుంచి లొంబోక్‌కు ఒక గంట. కానీ అటువైపు ఒక కొండ బూడిద కక్కుతోంది. మూడు రోజులుగా విమానాలు ఒక పూట ఎగిరి ఒక పూట ఆగిపోతున్నాయి. రెండోది పెద్ద ఓడ. నేరుగా పోతుంది కానీ గురువారం లేదు. మూడోది బస్సు, పడవ, బస్సు, పడవ. జావా తూర్పు కొస దాకా బస్సు, అక్కణ్ణుంచి బాలికి పడవ, బాలిని అడ్డంగా దాటే బస్సు, మళ్ళీ లొంబోక్‌కు పడవ. బస్సులతో సహా లారీలు ఎక్కే పెద్ద పడవలవి. పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి.

డ్రైవరు ఫోన్లో వెతికాడు, ఆమె తన ఊరి వాళ్ళను అడిగింది, నేను రాశాను. గురువారం పొద్దున ఏడింటికి సురబాయలో విమానం దిగుతుంది. బయటపడేసరికి ఎనిమిదిన్నర. బస్సు ఏడు గంటలు, మూడున్నర. అరగంట ఆగడం, గంట పడవ, అయిదు. ఇంకో అరగంట ఆగి బస్సెక్కితే అయిదు గంటలు, పదిన్నర. మళ్ళీ అరగంట ఆగడం, దిగడంతో కలిపి నాలుగున్నర గంటల పడవ, తెల్లవారుజామున మూడున్నర. రేవు నుంచి ఊరికి కారులో గంటా ఇరవై నిమిషాలు. నాలుగూ యాభైకి ఇంటి ముందు ఉంటుంది. వ్యాను ఆరింటికి. చేతిలో గంటా పది నిమిషాలు మిగులుతాయి.

నేను ఆ గంటా పది నిమిషాల కింద రెండు గీతలు గీశాను.

చివరగా, ఎక్కడ ఆగినా నాకు ఫోన్ చెయ్యమని చెప్పడానికి, "ఇక్కడికీ మీ ఊరికీ తేడా నాలుగు గంటలు" అన్నాను.

"అయిదు" అంది ఆమె.

ఫోన్ తీసి చూపించాను. ఇండోనేషియా అని కొడితే జకార్తా వచ్చింది. నాలుగే.

"లొంబోక్ అయిదు, భాయ్."

"ఉఖ్తీ, ఒక దేశానికి ఒకటే టైము ఉంటుంది. మా ఇండియా మీ దేశం కంటే పెద్దది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే గడియారం. కువైట్ కూడా అంతే."

ఆమె ఫోన్ వైపు చూసింది, నా పుస్తకం వైపు చూసింది. "రాస్తున్నది నువ్వు కదా, నీకే తెలుస్తుంది" అంది. పదకొండేళ్ళు రోజూ ఇంటికి ఫోన్ చేసిన మనిషి ఆమె. తల్లి ఎప్పుడు లేస్తుందో, కూతురు ఎప్పుడు నిద్రపోతుందో గంటలు లెక్కపెట్టుకుని బతికిన మనిషి. ఆమె చెప్పింది నేను కొట్టేశాను.

అప్పుడే ఒక మాట వచ్చింది. బూడిద తగ్గిందంటున్నారు, విమానాశ్రయంలోనే ఆగి చూడనా అని అడిగింది. గంటా పది నిమిషాలు చేతిలో ఉన్నప్పుడు గాలి మీద నమ్మకం దేనికి అన్నాను. అవి పది నిమిషాలేనని తెలిసి ఉంటే ఆగమనే చెప్పేవాణ్ణి.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఏడో నంబరు వాల్వు దగ్గర ఉన్నాను. ఆమె రికార్డు చేసి పంపిన మాట ఫోన్లో వచ్చింది, వెనక లారీల హారన్లు. "భాయ్, పడవ దిగాను. బాలిలో ఉన్నాను. జావాలో అయిదు, ఇక్కడ ఆరు. ఆ గంట నువ్వు కలిపే ఉంటావు కదా?"

వాల్వు తిప్పడం మరిచిపోయి నిలబడ్డాను. నీళ్ళు గట్టు దాటి చెప్పుల్లోకి వచ్చాయి. డ్రైవరును పిలిచి ఫోన్లో చూడమన్నాను. ఒక దేశంలో మూడు గడియారాలు. జావాకి ఒకటి, బాలికీ లొంబోక్‌కూ ఇంకొకటి, తూర్పున మరొకటి. నేను రాసిన నాలుగూ యాభై ఆమె ఊరి గడియారంలో అయిదూ యాభై. ఏ చిన్నపిల్లవాడైనా అర నిమిషంలో చూసి చెప్పగలిగేది. నేను అర నిమిషం పెట్టలేదు.

"ఇయ్యాల లొంబోక్ విమానం ఏమైందో చూడు" అన్నాను.

వాడు చూశాడు. "పోయిందన్నా. వాళ్ళ టైముకు నాలుగింటికి లేసింది."

యజమాని కొడుకు మీద అన్ని రోజులుగా పళ్ళు నూరుతున్నాను. వాడు కారులోంచి అన్నదీ నేను పుస్తకంలో రాసిందీ ఒకటే. వాడికి చదువుంది, డబ్బుంది, ఆమె మాట వినే అవసరం లేదు. నాకేముందని వినలేదు? ఒక పెన్ను. ఆమెకూ నాకూ మధ్య ఉన్న తేడా అంతే, అది చాలింది నాకు, ఆమె నోరు మూయించడానికి. ఆ కోపం నామీద వచ్చింది కాబట్టి ఇంకొకరి మీద విసిరేయడానికి కూడా లేకపోయింది.

"కలపలేదు ఉఖ్తీ. తప్పు నాది" అని చెప్పి పంపాను. ఆమె విన్నట్టు ఫోన్లో గుర్తు పడింది. శుక్రవారం పొద్దున ఒక్క ముక్క వచ్చింది, వ్యాను వెళ్ళిపోయిందని.

మిగతాది నలభై రోజుల తర్వాత ఆమె తిరిగొచ్చాకే తెలిసింది. నేను రాసిన అంకెలన్నీ సరిగ్గానే నడిచాయి. లొంబోక్ రేవు ముందు మాత్రం నలభై నిమిషాలు పడవను ఆపేశారు, లోపల ఇంకో పడవ సరుకు దించుతోందని. రేవు దీపాలు కనిపిస్తూనే ఉన్నాయట. ఇంటికి చేరేసరికి ఆరున్నర. అదే కారులో విమానాశ్రయానికి పరిగెత్తింది. అద్దానికి ఆవల అయిదుగురు పిల్లలూ ఏజెంటు ఇచ్చిన ఒకే రంగు కోట్లు వేసుకుని వరుసలో నిలబడి ఉన్నారు. ఫోన్లు వాడి దగ్గరే ఉన్నాయి. టికెట్టు లేకుండా కాపలావాడు లోపలికి వదల్లేదు. చేతులు అద్దానికి ఆనించి కొట్టింది. పిల్ల ముందున్నదాని వీపు చూస్తూ నిలబడింది కానీ తిరగలేదు.

"ముప్పై నిమిషాలు" అన్నాను. "నన్ను తిట్టు ఉఖ్తీ."

"ఏజెంటును తిట్టాలి, పడవవాణ్ణి తిట్టాలి, కాపలావాణ్ణి తిట్టాలి. నీ దాకా వచ్చేసరికి నాకు దవడలు నొప్పి పుడతాయి. ఖలాస్." ఉల్లిపాయలు ముందుకు లాక్కుంది. "ఇంకో లెక్క ఉంది. చేస్తావా?"

పుస్తకం తెరిచాను. ఈసారి ఒక్క అంకె కూడా నేను చెప్పలేదు. ఆమె చెప్పింది, నేను రాసి చదివి వినిపించాను, ఆమె ఊ అన్నాకే తర్వాతిది రాశాను. ఆమెకు రెండేళ్ళకొక సెలవు. కూతురి ఒప్పందం మూడేళ్ళు, మధ్యలో సెలవు లేదు, మళ్ళీ సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు. ఇద్దరూ ఒకే నెలలో లొంబోక్‌లో ఎప్పుడుంటారు?

"ఆరేళ్ళకి" అన్నాను.

ఆమె కత్తి ఆపలేదు. తరుగుతూనే, "రెండేళ్ళ సెలవు నాకొద్దు. మూడేళ్ళకి ఇమ్మని అడుగు" అంది.

ఆ వారం యజమాని కొడుకు పొలానికి వచ్చినప్పుడు వెళ్ళి నిలబడ్డాను. వాదించడానికి ఆరు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. సగం చెప్పగానే "మూడేళ్ళా? మాఫీ ముష్కిల్" అన్నాడు. ఇబ్బందే లేదని. ఎందుకుంటుంది? ఒక మనిషి సెలవు ఎగ్గొట్టుకుని ఇంకో ఏడాది వండిపెడతానంటోంది. పైగా, "చూశావా, అడిగితే నేను కాదనను" అని నా భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసేదాకా నేను కదల్లేదు. కదిలితే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

వంటగదిలోకి వెళ్ళి చెప్పాను. ఆమె సంతోషపడింది. అది చూడ్డం నాకు ఇంకా కష్టమైంది. మూడేళ్ళకి ఎన్ని రోజులో రాసివ్వమంది. నేను రాయలేదు. పుస్తకమూ పెన్నూ ఆమె ముందు పెట్టాను. చేతులు తుడుచుకుని మూడు వందల అరవై అయిదును మూడుసార్లు, ఒకదాని కింద ఒకటి రాసి నెమ్మదిగా కూడింది. తర్వాత తలెత్తి, మధ్యలో ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులొచ్చే ఏడాది ఉందా అని అడిగింది. ఉందన్నాను. ఇంకొకటి కలుపుకుంది.