సరే అంటే కుదరదు

మా మావయ్య లక్ష్మీనరసింహం వేల విమానాల్ని దింపాడు గాని, ఒక్క విమానమూ ఎక్కలేదు. మిలటరీలో సిగ్నల్సు సిపాయిగా చేరి, యుద్ధం రోజుల్లో కంట్రోల్ టవరెక్కి, ఆ తర్వాత సివిల్ ఏరోడ్రోముల్లో అదే పని చేసి, యాభై ఏడులో రిటైరై చోడవరం వచ్చేశాడు.

"ఇమానాలు తమరు తోలేవోరా బాబూ?" అని రైతులు అడిగేవారు.

"కాదు. ఎప్పుడు దిగాలో, ఎప్పుడు ఎగరాలో కిందనుంచి చెప్పేవాణ్ణి."

"అయితే తోలినోడు ఏరేనన్నమాట" అని పెదవి విరిచి వెళ్ళిపోయేవారు.

ఊరి మాట ఆయనకి పట్టేది కాదు. మా అత్త కమలాంబ మాటే గుచ్చుకునేది. "మా ఆయన ఉద్యోగం కేకలెయ్యడం. వంటింట్లో నేనూ ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాను, మరి నాకు పింఛనేదీ?" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా అనేది. తను చేసిందీ ఒక పనేనని ఆవిడ ఒప్పుకోవాలి. ఆ వయసులో ఆయనకున్న కోరిక అదొక్కటే.

టవర్లో ఒక నియమం ఉంది. చెప్పిన మాటని పైలటు తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పేదాకా చెప్పినట్టు లెక్క కాదు. పొరపాటుగా అప్పజెపితే అక్కడికక్కడే దిద్దాలి. మావయ్య ఈ నియమాన్ని ట్రంకు పెట్టెతో పాటు ఇంటికి తెచ్చుకున్నాడు. రేపు అరశేరు ఎక్కువ తెమ్మంటే, పాలు పోసే దేముడమ్మ "రేపు అరశేరు ఎక్కువ తెస్తాను బాబూ" అని వల్లించందే గుమ్మం దిగనిచ్చేవాడు కాదు. అత్త మాత్రం లొంగలేదు. ఏం చెప్పినా "సరే" అనేది, తనకి తోచిందే చేసేది. నేనయితే ఎప్పుడో పారిపోయేవాణ్ణి!

మరుసటేడు మాఘమాసంలో ఇద్దరూ అనకాపల్లి బస్సెక్కారు. ఊరు దాటగానే బస్సు ఆగిపోయింది. ముందున్న కల్వర్టు ఒక పక్క కూలి, ఒక్క బండికే దారుంది. ఇటునుంచి అనకాపల్లి వెళ్ళే బెల్లం బళ్ళు, అటునుంచి తిరిగొచ్చే ఖాళీ బళ్ళు, అందరికీ తొందరే. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడిందా, రైతుల ఏడాది కష్టం పానకమైపోతుంది.

మావయ్య గొడుగు పట్టుకుని దిగాడు. కల్వర్టు మీద నిలబడి, ముందున్న బెల్లం బండి తోలే బంగార్రాజుతో, "ఎదర ఖాళీ బండి దాటేదాకా కదలకు. ఏం చెప్పాను?" అన్నాడు.

"సరే బాబూ."

"సరే కాదు, నేనన్నది చెప్పు."

"తమరే సెప్పేరు కదా, మళ్ళీ నాను సెప్పడమేటి?" అంటూ బంగార్రాజు ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. బండి కల్వర్టు మధ్యకెళ్ళి ఖాళీ బండికి ఎదురుగా బిగుసుకుంది. ఎద్దులు వెనక్కి నడవవు. కాడి విప్పి, పదిమంది కలిసి బెల్లం బండిని వెనక్కి లాగేసరికి మొదటి చినుకు బంగార్రాజు ముక్కు మీద పడింది.

"ఖాళీ బండి దాటేక నాను కదుల్తాను బాబూ! సెప్పేను కదా, ఆలకించండి!" అని వాడు ఏడుపు గొంతుతో అరిచాడు.

ఆ తర్వాత అందరూ అప్పజెప్పారు. గొడుగు పైకెత్తితే రావడం, అడ్డంగా పెడితే ఆగడం. ఇరవై మూడు బెల్లం బళ్ళు దాటి, అవతల ధాన్యం గోదాము కిందికి చేరాకే వాన గట్టిగా దిగింది. అత్త బస్సు కిటికీలోంచి కళ్ళార్పకుండా చూస్తూనే ఉంది. పెళ్ళయ్యాక ఆయన పని ఆవిడ చూడ్డం అదే మొదలు.

ఇక బస్సు వంతు. మావయ్య తడుస్తూ కిటికీ దగ్గరికొచ్చాడు. "డ్రైవరు హారన్ కొట్టకుండా చూడు, ఎద్దులు బెదురుతాయి. బస్సు దాటాక నేనెక్కుతాను" అన్నాడు. అని, ఆ పాత "సరే" కోసం కాచుకున్నాడు.

అత్త గొంతు సవరించుకుంది.

"డ్రైవరు హారన్ కొట్టకూడదు. బస్సు దాటేక మీరెక్కుతారు. అందాకా నా పక్క సీటు ఎవరికీ ఇవ్వకూడదు."

ఆ మూడోది ఆయన చెప్పలేదు. చెప్పనిది కలిపితే దిద్దాల్సిందే. మావయ్య నోరు తెరిచాడు, మూసుకున్నాడు, గొడుగు పైకెత్తాడు.